మూడేళ్ళు నేర్చుకుని డెబ్భై అయిదేళ్ళు నేర్పిన ఆవిడ: కేకో ఫుకుదా

 

ఈ వారం వేరే విషయం చెప్దామని తయారు చేసుకున్నాను. అది పక్కన పెట్టేశాను. ఎందుకంటే, మన ఎపిసోడ్లు వినే ఒకమ్మాయి ఉత్తరం రాసింది. వాళ్ళది చిన్న ఊరు. అక్కడ స్కూలు గ్రౌండులో ఒక మాస్టారు పొద్దున్నే పిల్లలకి కరాటే నేర్పేవారట. ఈ మధ్యే పోయారు. ఆ పిల్లల తల్లిదండ్రులు వచ్చి, "ఆయన దగ్గర నేర్చుకున్నదానివి నువ్వున్నావు కదమ్మా, నువ్వు చెప్పు మా పిల్లలకి" అని అడుగుతున్నారట. ఆ అమ్మాయి బాధ ఏమిటంటే, తను నేర్చుకున్నది నాలుగేళ్ళే. "ఆయనకి తెలిసినదాంట్లో నాకు పావు వంతు కూడా రాదు. ఆయన స్థానంలో నిలబడితే తప్పవుతుందా?" అని రాసింది.

అది చదవగానే నాకు ఒకావిడ గుర్తొచ్చారు. ఆవిడ పేరు కేకో ఫుకుదా. జూడో గురువు. 2013 ఫిబ్రవరి 9న శాన్‌ఫ్రాన్సిస్కోలో పోయారు. అప్పటికి ఆవిడకి 99 ఏళ్ళు. ఇంకో రెండు నెలలుంటే నూరు నిండేవి. జూడోని కనిపెట్టిన జిగోరో కానో దగ్గర స్వయంగా నేర్చుకున్నవాళ్ళలో ఆఖరి మనిషి ఆవిడే అంటారు. అయితే ఆవిడ కథ చెప్పాలంటే ఆవిడ పుట్టకముందునించీ మొదలుపెట్టాలి. 1877 నించీ.

అప్పుడు టోక్యోలో జిగోరో కానో అనే కుర్రాడు యూనివర్సిటీలో చేరాడు. పదిహేడేళ్ళు కూడా నిండని వయసు. చదువులో మహా చురుకు, మనిషి మాత్రం పొట్టి, బక్కపలచన. హాస్టల్లో పెద్ద కుర్రాళ్ళు ఏడిపించేవాళ్ళు, కొట్టేవాళ్ళు కూడా. జుజుత్సు అనే విద్య వస్తే బలం లేనివాడు కూడా బలవంతుణ్ణి పడేయొచ్చని అతను విన్నాడు. సరే, ఎవరు నేర్పుతారు? అప్పటికి జపాన్‌లో సమురాయ్‌ల కాలం అయిపోయింది. కత్తి పట్టుకు తిరగకూడదని చట్టం వచ్చేసింది. పాత విద్యలంటే జనానికి మోజు పోయింది. మన దగ్గర తాలింఖానాలు మూతపడ్డాక సాము నేర్పే వస్తాదులు ఏమయ్యారో, అక్కడ జుజుత్సు గురువులూ అదే అయ్యారు. పొట్టకూటికి ఇంకో పని చూసుకున్నారు. చాలామందికి ఆ పని ఎముకలు సర్ది కట్లు కట్టడం. మన పుత్తూరు కట్టు ఉంది చూడండి, అలాంటిది. మనిషి కీలు ఎలా తప్పించాలో తెలిసినవాడికి, దాన్ని మళ్ళీ ఎలా కూర్చోబెట్టాలో కూడా తెలుస్తుంది కదా!

ఈ కుర్రాడు భలే ఆలోచన చేశాడు. కట్లు కట్టే వైద్యుల బోర్డులు చూసుకుంటూ తిరిగాడు. "అయ్యా, మీకు జుజుత్సు వచ్చా?" అని అడుగుతూ. అలా అలా వాకబు చేస్తే ఫుకుదా హచినోసుకె అనే పెద్దాయన దొరికారు. ఆయనదీ అదే వృత్తి. ఇంట్లోనే చిన్న గదిలో, ఉన్న కొద్దిమందికీ నేర్పేవారు.

ఆయన నేర్పే పద్ధతి గురించి కానో తరవాత రోజుల్లో తన జ్ఞాపకాల్లో చెప్పుకున్నాడు. ఒకరోజు గురువుగారు ఒక పట్టు వేసి ఇతన్ని పడేశారట. "చెయ్యి ఎక్కడ పెట్టారు, కాలు ఎక్కడ పెట్టారు, ఎలా పడేశారు?" అని ఇతను అడిగాడు. ఆయన సమాధానం చెప్పలేదు. "రా" అని పిలిచి మళ్ళీ పడేశారు. లేచి మళ్ళీ అడిగాడు. మళ్ళీ పడేశారు. ఇలా కొన్నిసార్లయ్యాక, అడిగితే రాదు, పడగా పడగా అదే వస్తుంది అన్నట్టుగా చెప్పి పంపించారట. కానో మనస్తత్వానికి ఇది పూర్తి విరుద్ధం. అతనిది ఎందుకు, ఎలా అని అడిగే బుర్ర. అక్కడే ఒక లావుపాటి సహాధ్యాయి చేతిలో అస్తమానం ఓడిపోతుంటే, ఊరుకోకుండా లైబ్రరీకి వెళ్ళి పాశ్చాత్యుల కుస్తీ పుస్తకాలు వెతికి, అందులోంచి ఒక పట్టు పట్టుకొచ్చాడు. ప్రత్యర్థిని భుజాల మీదకి ఎత్తి తిప్పి పడేసే పట్టు అది. ఇప్పటికీ జూడోలో ఉంది, కటా గురుమా అంటారు.

గురువు పద్ధతి శిష్యుడికి నచ్చకపోవచ్చు. గురువు మీద ప్రేమకి అది అడ్డం కాదు. ఆ మాట ఇక్కడ చెప్పి ముందుకెళ్తాను.

1879లో అమెరికా మాజీ అధ్యక్షుడు గ్రాంట్ జపాన్ వచ్చినప్పుడు, ఆయన ముందు జుజుత్సు ప్రదర్శన ఇచ్చినవాళ్ళలో ఈ గురువుగారూ ఉన్నారు, కానో కూడా ఉన్నాడు. ఆ ప్రదర్శన అయిన కొద్ది రోజులకే గురువుగారు పోయారు. అంటే కానోకి ఆయన దగ్గర దొరికింది రెండేళ్ళు. రెండంటే రెండేళ్ళు. గురువుగారి కుటుంబం ఆయన దగ్గరున్న విద్య తాలూకు గ్రంథాలు, ఆ కాగితపు చుట్టలు, ఈ పద్దెనిమిదేళ్ళ కుర్రాడి చేతిలో పెట్టింది.

మన ఉత్తరం రాసిన అమ్మాయి వింటోందనుకుంటాను. చూడమ్మా, కానోకి కూడా నీకు వచ్చిన భయమే వచ్చింది. నాకు వచ్చింది చాలదు అనుకున్నాడు. మానేశాడా? మానెయ్యలేదు. అదే సంప్రదాయంలో ఇంకో గురువు దగ్గరకి వెళ్ళాడు. రెండేళ్ళు తిరిగేసరికి ఆయనా పోయారు. వేరే సంప్రదాయంలో ఇంకో గురువుని వెతుక్కున్నాడు. ఒకపక్క నేర్చుకుంటూనే 1882లో, ఇరవై ఒకటో ఏట, టోక్యోలో ఒక బౌద్ధాలయంలో పన్నెండు చాపలు పరిచిన గదిలో తొమ్మిది మంది శిష్యులతో తన బడి పెట్టాడు. దాని పేరు కోడోకాన్. నేర్పిన విద్య పేరు జూడో. 'జు' అంటే మెత్తదనం, లొంగడం. 'దో' అంటే దారి. ఈ రోజు ప్రపంచమంతా ఆడుతున్న ఒలింపిక్ క్రీడ ఆ పన్నెండు చాపల మీద మొదలైంది.

ఇంక యాభై ఏళ్ళు ముందుకి దూకుదాం.

1930లు వచ్చాయి. కానో ఇప్పుడు పెద్ద మనిషి. విద్యావేత్త. అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీలో 1909లోనే సభ్యుడైన మొదటి ఆసియావాసి. డెబ్భై దాటిన ఆ వయసులో కూడా తన మొదటి గురువు కుటుంబాన్ని మర్చిపోలేదు. ఆ ఇంట్లో ఒక మనవరాలుంది. పేరు కేకో. 1913లో పుట్టింది. చిన్నప్పుడే తండ్రి పోయాడు. తాతగారిని చూసే ప్రశ్నే లేదు, ఆయన పోయిన ముప్ఫై నాలుగేళ్ళకి పుట్టింది. మంచి కుటుంబంలో అమ్మాయిలు ఏం నేర్చుకోవాలో అవన్నీ నేర్చుకుంది. అందంగా రాయడం, పూలు అమర్చడం, టీ వేడుక. మనిషి అయిదడుగులకి ఒక అంగుళం తక్కువ. బరువు 45 కిలోలు కూడా లేదు.

అలాంటి పిల్లని, "రా అమ్మా, జూడో నేర్చుకో" అని కానో స్వయంగా పిలిచాడు.

మనకి గురుదక్షిణ అనగానే ఏకలవ్యుడి బొటనవేలు గుర్తొస్తుంది. నాకు చిన్నప్పటినించీ ఆ కథ మింగుడు పడదు, అది వేరే సంగతి. ఇక్కడ చూడండి. గురువు ఏమీ అడగలేదు, అడగడానికి ఆయన లేరు కూడా. యాభై ఆరేళ్ళ తరవాత శిష్యుడు ఆ విద్యని తీసుకొచ్చి గురువు మనవరాలి ఒళ్ళో పెట్టాడు. ఇంకో విశేషం, ఆ విద్యకి అసలు వారసుడు మగపిల్లవాడే కావాలని అప్పట్లో అందరూ అనుకునేవాళ్ళు. ఆయన మనవరాలిని పిలిచాడు.

కేకో వాళ్ళమ్మతో కలిసి చూడ్డానికి వెళ్ళింది. కొన్ని నెలలు ఆలోచించుకుంది. 1935లో చేరిపోయింది. మేనమామో బాబాయో, ఒకాయన వద్దంటే వద్దన్నాడట. అమ్మా, అన్నయ్యా సరేనన్నారు. వాళ్ళ లెక్క వాళ్ళకుంది లెండి. అక్కడికి మంచి మంచి కుర్రాళ్ళు వస్తారు, ఎవరో ఒకరితో సంబంధం కుదరకపోతుందా అని! మనవాళ్ళు ఆడపిల్లని సంగీతం క్లాసులో చేర్పించినట్టన్నమాట.

అప్పటికి కోడోకాన్‌లో స్త్రీల విభాగం పెట్టి పదేళ్ళు కూడా కాలేదు. మొత్తం 24 మంది ఆడవాళ్ళు. కానో వచ్చి పాఠం చెప్పేవారు. మిఫునె క్యూజో అనే ఇంకో మహా గురువు కూడా చెప్పేవారు, ఆయనా పొట్టిమనిషే. రెండేళ్ళు తిరిగేసరికి, 1937లో, కేకోకి నేర్పే అర్హత వచ్చింది.

ఆ రోజుల్లోనే కానో తన శిష్యురాళ్ళతో చెప్పారట, ఇంగ్లీషు నేర్చుకోండి, దేశాలు వెళ్ళండి, అక్కడి ఆడవాళ్ళకి జూడో నేర్పండి అని. ఇది ఆవిడ తరవాత చాలా ఇంటర్వ్యూల్లో చెప్పుకున్నారు. ఆయన దాన్ని ఎంత గట్టిగా చెప్పారో, మిగతావాళ్ళు ఎంత గట్టిగా తీసుకున్నారో మనకి తెలీదు. ఈవిడ మాత్రం గురువాజ్ఞ లాగా తీసుకున్నారు.

1938లో కానో ఈజిప్టులో ఒలింపిక్ కమిటీ సమావేశానికి వెళ్ళారు. 1940 ఒలింపిక్స్ టోక్యోలోనే జరగాలని పట్టుబట్టి ఒప్పించి, అమెరికా మీదుగా హికావా మారు అనే ఓడలో తిరిగొస్తూ, మే 4న సముద్రం మీదే న్యుమోనియాతో పోయారు. 77 ఏళ్ళు. ఆ ఓడ ఇప్పటికీ ఉంది, యోకొహామా రేవులో మ్యూజియంగా పెట్టారు. ఇంకో రెండు నెలలకి జపాన్ ఆ ఒలింపిక్స్‌నే వదిలేసుకుంది, యుద్ధం మూలంగా.

అంటే కేకోకి గురువు దొరికింది మూడేళ్ళు. తాతగారి దగ్గర కానోకి రెండేళ్ళు, కానో దగ్గర మనవరాలికి మూడేళ్ళు. ఆ తరవాత ఆవిడ డెబ్భై అయిదేళ్ళు బతికారు. ఆ డెబ్భై అయిదేళ్ళూ నేర్పుతూనే ఉన్నారు.

ఇంట్లోవాళ్ళు అనుకున్న పెళ్ళి విషయం ఏమైందో కూడా చెప్పాలి. సంబంధం వచ్చింది. పెళ్ళయ్యాక జూడో మానెయ్యాలన్నారు. ఆవిడ పెళ్ళి మానేశారు. తన పెళ్ళి జూడోతోనే అయిపోయిందన్న అర్థం వచ్చేలా ముసలితనంలో చెప్పుకున్నారు. ఆవిడ మీద యురికో గామో రోమర్ అనే దర్శకురాలు తీసిన 'మిసెస్ జూడో' అనే డాక్యుమెంటరీ 2012లో వచ్చింది. ఆ పేరు విన్నప్పుడు ఈ సంగతి గుర్తుపెట్టుకోండి. పెళ్ళి చేసుకోని మనిషికి మిసెస్ అని పెట్టారు.

సరే, ఇప్పుడు ఆవిడ నేర్పిన విద్య ఏమిటో చెప్పకపోతే ఈ కథకి అర్థం లేదు. కొంచెం ఓపిక పట్టండి.

జూడో సూత్రాన్ని కానో అంకెల్లో చెప్పేవారు. ఎదుటివాడి బలం పది అనుకోండి. నా బలం ఏడు. వాడు నన్ను తోస్తున్నాడు. నేను ఎదురు తోస్తే ఏమవుతుంది? ఓడిపోతాను, లెక్కే కదా. అలా కాకుండా, వాడు తోసినంత మేరా నేను వెనక్కి జరిగాననుకోండి, నా తూకం తప్పకుండా. వాడు తోద్దామనుకున్న మనిషి అక్కడ లేడు. ముందుకి తూలతాడు. తూలుతున్న క్షణంలో వాడికి తన పది ఉపయోగపడదు, మూడే ఉంటుంది. నా ఏడు నాకే ఉంది. అందులో సగం వాడినా చాలు, పడిపోతాడు. మిగతా సగం నా దగ్గరే మిగులుతుంది. ఇదీ 'జు' అంటే.

ఈ సూత్రాన్ని మెల్లగా, వాక్యం విడమరిచి చదివినట్టుగా చేసి చూపించే పద్ధతి ఒకటి కానో తయారు చేశారు. జు నో కటా. కరాటే క్లాసుకి వెళ్ళే పిల్లలకి కటా అంటే తెలుసు, ముందే నిర్ణయించిన కదలికల వరస. అక్కడ ఒక్కరే చేస్తారు. ఇక్కడ ఇద్దరు కావాలి. మూడు వరసలు, వరసకి అయిదు, మొత్తం పదిహేను పట్లు. ఒకరు నుదుటికేసి చెయ్యి చాచి వస్తారు, లేదా భుజం మీద తోస్తారు, రెండు చేతులూ పట్టుకుంటారు, కళ్ళు పొడవబోతారు. రెండోవాళ్ళు ఆ బలానికి అడ్డం నిలబడకుండా, దాన్ని తీసుకుని, తిప్పి, చివరికి ఎదుటివాళ్ళని కదలలేని చోటికి తీసుకొస్తారు. అవసరమైతే వీపు మీదకి ఎత్తుతారు కూడా. పడెయ్యరు. ఎత్తి, ఆగి, మళ్ళీ మెల్లగా దింపేస్తారు. ఎవరూ కింద పడరు కాబట్టి చాపలు అక్కర్లేదు, జూడో బట్టలు అక్కర్లేదు, చుడీదార్‌లో కూడా చెయ్యొచ్చు. చూసేవాళ్ళకి నాట్యంలా ఉంటుంది. చేసేవాళ్ళకి తెలుస్తుంది, అందులో ఒక్క అంగుళం తూకం తప్పినా ఎత్తడం కుదరదని.

ఫుకుదా దీన్లో దిట్ట. ప్రపంచంలో ఈ కటా తెలుసుకోవాలంటే ఆవిడ దగ్గరకి వెళ్ళేవారు. నలభై అయిదు కిలోల మనిషి, తనకంటే రెట్టింపు బరువున్న అమెరికన్ శిష్యురాళ్ళకి నేర్పారు. బలం మీద ఆధారపడదామన్నా ఆవిడ దగ్గర బలం లేదు. అందుకని సూత్రం ఆవిడ చేతుల్లో కల్తీ లేకుండా మిగిలింది. ఇది నా అభిప్రాయం అనుకోండి.

ఇక్కడ ఒక మాట నిజాయితీగా చెప్పుకోవాలి. కానోని దేవుణ్ణి చెయ్యక్కర్లేదు. ఆయన స్త్రీలకి విద్య నేర్పారు, నిజమే. కానీ పోటీల్లోకి రానివ్వలేదు. సాధన చెయ్యండి, కటా చెయ్యండి, పోటీ మాత్రం వద్దు. ఆడవాళ్ళ నల్ల బెల్టు మధ్యలో తెల్ల గీత ఒకటి ఉండేది, మగవాళ్ళ బెల్టుతో సమానం కాదని దూరం నించే తెలిసేటట్టు. 1964 టోక్యో ఒలింపిక్స్‌లో జూడో మొదటిసారి వచ్చింది, మగవాళ్ళకి మాత్రమే. ఆ సందర్భంలో ఫుకుదా, ఆవిడ సహచరి మసాకో నోరితోమి కలిసి జు నో కటా ప్రదర్శించారు. ప్రదర్శన, అంతే. పతకాల దగ్గరకి ఆడవాళ్ళు రావడానికి 1992 బార్సిలోనా దాకా ఆగాల్సొచ్చింది. మధ్యలో 1959లో న్యూయార్క్ రాష్ట్రంలో రస్టీ కానోకోగి అనే ఆవిడ మగవేషంలో పోటీకి దిగి గెలిస్తే, ఆడమనిషి అని తెలిసి పతకం వెనక్కి తీసేసుకున్నారు. ఆవిడ కథ ఒక ప్రత్యేక ఎపిసోడ్‌కి సరిపోతుంది. ఎప్పుడైనా చెప్తాను.

1953లో, నలభయ్యో ఏట, ఫుకుదాకి అయిదో డాన్ ఇచ్చారు. డాన్ అంటే నల్ల బెల్టు వచ్చాక ఎక్కే మెట్లు. పది దాకా ఉంటాయి. అదే ఏడాది కాలిఫోర్నియాలో ఓక్లాండ్ నించి ఒక జూడో క్లబ్బు వాళ్ళు పిలిస్తే వెళ్ళి దాదాపు రెండేళ్ళు ఉండి నేర్పి వచ్చారు. మళ్ళీ 1966లో వెళ్ళారు. ఈసారి వెనక్కి రాలేదు. అప్పటికి ఆవిడకి యాభై మూడేళ్ళు. ఓక్లాండ్‌లోని మిల్స్ కాలేజీలో ఒక ప్రదర్శన ఇస్తే, అది చూసి అక్కడికక్కడే ఉద్యోగం ఇచ్చారు. 1967 నించి 1978 దాకా అక్కడ నేర్పారు. సాయంత్రాలు శాన్‌ఫ్రాన్సిస్కోలో తను ఉంటున్న ఇంట్లోనే క్లాసు. జనం పెరిగారు, ఇల్లు సరిపోలేదు. ఊళ్ళో జపాన్ వాళ్ళ పేటలో ఉన్న సోకోజి అనే జెన్ ఆలయంలోకి క్లాసు మార్చారు. గమనించారా? కానో బడి మొదలైంది గుళ్ళోనే. ఈవిడ బడి నిలదొక్కుకుందీ గుళ్ళోనే. దానికి సోకో జోషి జూడో క్లబ్ అని పేరు పెట్టారు. శాన్‌ఫ్రాన్సిస్కోని జపాన్ వాళ్ళు సోకో అని పిలుచుకునేవారు. జోషి అంటే ఆడవాళ్ళు.

ఇవన్నీ జరుగుతూనే ఉన్నాయి, ఆవిడ మాత్రం అయిదో డాన్ దగ్గరే ఉన్నారు. శిష్యుల శిష్యులైన మగవాళ్ళు దాటి వెళ్ళిపోతున్నారు. కారణం ఏమిటంటే, ఆడవాళ్ళకి అయిదు దాటి ఇవ్వకూడదని కోడోకాన్ నియమం. తన తాత దగ్గర ఓనమాలు దిద్దుకున్న మనిషి పెట్టిన సంస్థ అది. ఆవిడ ఎదురు తిరగలేదు, వదిలిపెట్టీ పోలేదు. శిష్యురాళ్ళు ఊరుకోలేదు. ఉత్తరాలు రాయడం మొదలుపెట్టారు, ఉద్యమంలాగా. 1972లో కోడోకాన్ దిగొచ్చింది. ఆరో డాన్ అందుకున్న మొదటి స్త్రీ ఆవిడే. పందొమ్మిదేళ్ళు ఒకే మెట్టు మీద. అప్పటికి వయసు యాభై తొమ్మిది.

తరవాత 1990లో జపాన్ ప్రభుత్వం పురస్కారం ఇచ్చింది. 1994లో కోడోకాన్ ఎర్ర బెల్టు ఇచ్చింది, స్త్రీలలో ఆవిడకే మొదట. ఇవి గబగబా చెప్పేస్తున్నాను, ఎందుకంటే నేను ఆగదల్చుకున్నది 2006 దగ్గర.

2006 జనవరి 8. కోడోకాన్‌లో కొత్త సంవత్సరం వేడుక. ఆ రోజు ముగ్గురు పెద్దలకి పదో డాన్ ప్రకటించారు. అబే ఇచిరో, దాయిగో తోషిరో, ఒసావా యోషిమి. ముగ్గురూ మహానుభావులే, సందేహం లేదు. కోడోకాన్ చరిత్ర మొత్తంలో పదో డాన్ ఇచ్చింది పదిహేను మందికి, అందులో ఆఖరి ముగ్గురు వీళ్ళు. అదే రోజు, అదే వేడుకలో ఫుకుదాకి తొమ్మిదో డాన్ ఇచ్చారు. ఒక స్త్రీకి తొమ్మిది ఇవ్వడం మొదటిసారి కాబట్టి అందరూ చప్పట్లు కొట్టారు. ఆవిడకి అప్పటికి 92 ఏళ్ళు. పదో డాన్ తీసుకున్న ఆ ముగ్గురూ వయసులో ఆవిడకంటే తొమ్మిది, పదమూడేళ్ళు చిన్నవాళ్ళు. ఆవిడ కానో ఎదురుగా చాప మీద కూర్చుని పాఠం వింటున్నప్పుడు వాళ్ళు బడి పిల్లలు.

ఇది అన్యాయమే అని నేననుకుంటాను. "పోనీలే, తొమ్మిదైనా ఇచ్చారుగా" అనేవాళ్ళు ఉంటారు. మూడేళ్ళ నించీ ఎదురుచూస్తున్న ప్రమోషన్ రాకపోతే మనం ఎంత గింజుకుంటామో ఒకసారి అనుకోండి. 2011 జులైలో అమెరికా జూడో సంఘం ఆవిడకి పదో డాన్ ఇచ్చింది. 98 ఏళ్ళకి. ప్రపంచంలో ఆ మెట్టు ఎక్కిన మొదటి స్త్రీ. కోడోకాన్ మాత్రం ఆవిడకి ఇవ్వలేదు.

మరి ఆవిడ ఏం చేస్తున్నారు, ఆ 98 ఏళ్ళప్పుడు? వారానికి మూడు రోజులు క్లాసుకి వెళ్తున్నారని అప్పటి పత్రికలు రాశాయి. చాప పక్కన కుర్చీలో కూర్చుని, శిష్యురాలి మోచెయ్యి రెండంగుళాలు పైకుంటే కిందికి దించమని చెప్పేవారు. ఆవిడ శిష్యులకి ఇచ్చిన మాట ఒకటే: బలంగా ఉండు, మెత్తగా ఉండు, అందంగా ఉండు. ఇక్కడ అందం అంటే అలంకారం కాదు. మనిషి లోపల ఉండేది. జపనీస్‌లో అవి మూడే మూడు మాటలు, త్సుయోకు, యసాషికు, ఉత్సుకుషికు. పోస్టర్ మీద రాసుకోడానికి బావుంటాయి, నిజమే. కానీ పందొమ్మిదేళ్ళు ఒక మెట్టు మీద నిలబెట్టిన సంస్థకి ప్రతి క్లాసులోనూ వంగి నమస్కారం పెట్టిన మనిషి నోట్లోంచి వచ్చినప్పుడు ఆ మధ్య మాట బరువు వేరేగా ఉంటుంది.

ఇప్పుడు మన అమ్మాయి ప్రశ్న దగ్గరకి వస్తాను. "నాకు పావు వంతే వచ్చు, నిలబడొచ్చా?" అని అడిగింది. అమ్మా, నీ నాలుగేళ్ళు కానో రెండేళ్ళ కంటే ఎక్కువ. ఫుకుదా మూడేళ్ళ కంటే ఎక్కువ. వాళ్ళిద్దరూ మిగతాది ఎక్కడినించి తెచ్చుకున్నారు? కానో ఇంకో ఇద్దరు గురువుల్ని వెతుక్కున్నాడు. ఫుకుదా మిఫునె దగ్గర నేర్చుకున్నారు. నేర్పుతూ నేర్చుకున్నారు ఇద్దరూ. కాబట్టి నువ్వూ రెండు పనులు చెయ్యి. రేపు పొద్దున గ్రౌండుకి వెళ్ళు, మీ మాస్టారు మొదటి నెలలో ఏం చెప్పారో అదే చెప్పు, నీకు గట్టిగా వచ్చిందే చెప్పు. రానిది వచ్చినట్టు చెప్పకు, పిల్లలకి దెబ్బలు తగులుతాయి. దానితోపాటు దగ్గర్లో ఉన్న టౌన్లో ఇంకో మంచి మాస్టారి దగ్గర చేరు. వారానికి ఒక రోజైనా సరే. అక్కడ నువ్వు శిష్యురాలివి, ఇక్కడ మాస్టారివి. ఫీజు సంగతి, గ్రౌండు అనుమతి సంగతి స్కూలు వాళ్ళతో ముందే మాట్లాడుకో. మాస్టారి ఇంట్లోవాళ్ళకి ఒకసారి చెప్పి మొదలుపెట్టు. కానోకి ఆ కాగితాలు గురువుగారింట్లోవాళ్ళే ఇచ్చారు, గుర్తుంది కదా.

ఇంకొక్క సంగతి చెప్పి ముగిస్తాను. 1964లో జూడో కోసం టోక్యోలో బుదోకాన్ అనే భవనం కట్టారు. ఫుకుదా తరం ఆడవాళ్ళు పోటీకి దిగలేని ఒలింపిక్స్ అవి. మళ్ళీ టోక్యోలో ఒలింపిక్స్ జరిగినప్పుడు, 2021లో, జూడో పోటీలు అదే బుదోకాన్‌లో పెట్టారు. మన దేశం నించి జూడోకి వెళ్ళింది ఒకే ఒక్కరు. మణిపూర్ అమ్మాయి, సుశీలా దేవి. 48 కిలోల విభాగం. అంతకుముందు 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో రజతం తెచ్చింది, ఆ తరవాత 2022 బర్మింగ్‌హామ్‌లో మళ్ళీ రజతం తెచ్చింది. బుదోకాన్‌లో మాత్రం మొదటి రౌండ్లోనే ఓడిపోయింది. ఓడితే ఓడింది. ఇంచుమించు ఫుకుదా అంత బరువున్న అమ్మాయి ఆ చాప మీద పోటీకి నిలబడింది. ఆ రోజు ఆ అమ్మాయి కట్టుకున్న నల్ల బెల్టు మీద తెల్ల గీత లేదు.

వీడియో దొరికితే జు నో కటా ఒకసారి చూడండి, పది నిమిషాలు కూడా పట్టదు. మీ ఊళ్ళో ఇలాంటి మాస్టారెవరైనా ఉంటే, ఉండి పోయి ఉంటే, వాళ్ళ గురించి నాకు రాయండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను, నమస్కారం.